టెట్రాసైక్లిన్ ట్యూబ్ మీద లేని పేరు

యల్లాప్రగడ సుబ్బారావు అని నెట్‌లో వెతికితే ముందు క్యాన్సర్ మందు వస్తుంది, తర్వాత ఫోలిక్ యాసిడ్, ఆ తర్వాత నోబెల్ ఎందుకు రాలేదన్న గొడవ. ఈ మూడింటి మీదా తెలుగులో బోలెడు రాశారు. నేను ఆయన జీవితాన్ని ఇంకో వైపు నుంచి, కంటి వైపు నుంచి చెబుదామనుకుంటున్నా. ఆయన కంటి డాక్టర్ కాదు. కానీ ఒంట్లో ఎక్కడో మొదలైన బ్యాక్టీరియా జబ్బు కంటి దాకా పాకినప్పుడు ఈ రోజుకీ డాక్టర్లు రాసే కొన్ని మందులున్నాయి. వాటి వంశవృక్షం పట్టుకుని పైకి వెళితే ఒక కొమ్మ దగ్గర ఈ భీమవరం ఆయన ల్యాబ్ కనిపిస్తుంది.

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. గోదావరి మనిషి అంటారు అందరూ. కరెక్టే. అయితే చిన్న తిరకాసు ఒకటుంది. 1904 నుంచి 1925 దాకా భీమవరం తాలూకా కృష్ణా జిల్లాలో ఉండేది. అంటే ఆయన చదువుకున్న రోజుల్లోనూ, అమెరికా ఓడ ఎక్కిన రోజుల్లోనూ సొంతూరు మన జిల్లాయే. ఈ పాయింట్ మీద మా హాస్టల్లో భీమవరం బ్యాచ్‌తో వాదన ఇంకా నడుస్తూనే ఉంది. ఎటు తేలినా కొల్లేరుకి అటూ ఇటూ ఉన్నది ఒకే రకం నేల: కాలవలు, వరిచేలు, దోమలు, ఎలుకలు, మోకాళ్ల దాకా బురదలో నిలబడి పనిచేసే మనుషులు. ఆయన తర్వాత వెతికిన మందుల్లో సగం ఈ నేల జబ్బులకే పనికొచ్చాయి.

నాన్న జగన్నాథం గారిది రెవెన్యూ ఉద్యోగం. ఆరోగ్యం బాగోక త్వరగా మానేశారు. అమ్మ వెంకమ్మ గారు. ఏడుగురు పిల్లల్లో ఈయన నాలుగోవాడు. ఇంట్లో డబ్బుకి ఎప్పుడూ ఇబ్బందే. 13 ఏళ్లప్పుడు చదువు వదిలేసి కాశీ వెళ్లి, యాత్రికులకి అరటిపండ్లు అమ్మి డబ్బు సంపాదిద్దామని ఇంట్లోంచి పారిపోయాడు. కాశీ చేరక ముందే పట్టుకొచ్చేశారు. మెట్రిక్యులేషన్ మూడోసారికి గానీ పాసవలేదు, అది కూడా మద్రాసు వెళ్లి, ట్రిప్లికేన్ హిందూ హైస్కూల్లో చదివాక. బ్యాక్‌లాగ్స్ ఉన్న వాళ్లకి ఇది చదివి ధైర్యం రావచ్చు. దీన్నే సాకుగా వాడుకుంటే మాత్రం నా పూచీ లేదు.

ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియట్ చదివేటప్పుడు మనసు సన్యాసం వైపు మళ్లింది. రామకృష్ణ మిషన్లో చేరతానన్నాడు. అక్కడి పెద్దలు, ముందు వైద్యం చదువు, అదీ సేవే అని నచ్చజెప్పారు. అలా మద్రాస్ మెడికల్ కాలేజీ. స్నేహితులు కొంత, కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు కొంత డబ్బు సాయం చేశారు. తర్వాత ఆ మూర్తి గారి అమ్మాయి శేషగిరితోనే పెళ్లయింది, 1919లో. గాంధీ గారి పిలుపు విని ఖద్దరుతో కుట్టించిన కోటు వేసుకుని ఆపరేషన్ థియేటర్‌కి వెళ్లేవాడు. సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్‌కి అది నచ్చలేదు. రాత పరీక్షలు బాగానే రాసినా చివరికి చేతికొచ్చింది ఎంబీబీఎస్ కాదు, దానికంటే కింద ఉండే ఎల్ఎంఎస్.

ఆయన జీవితాన్ని తిప్పింది మాత్రం ఆ డిగ్రీ కాదు, స్ప్రూ. ఈ జబ్బు మన తరంలో చాలామంది పేరు కూడా విని ఉండరు. చిన్నపేగు తిన్నదాన్ని ఒంటికి పట్టనివ్వదు. నెలల తరబడి విరేచనాలు, నాలుక పుండ్లు, రక్తం తగ్గిపోవడం, మనిషి కట్టెలా అయిపోవడం. ఆయన అన్నదమ్ములు ఇద్దరు, పురుషోత్తం, కృష్ణమూర్తి, కొద్ది రోజుల తేడాతో దీనితోనే పోయారు. ఇంట్లో ఒకడు డాక్టర్ అవుతున్నాడు, అయినా చేయగలిగింది ఏమీ లేదు. అప్పటి పుస్తకాల్లో మందే లేదు.

కొన్నాళ్లు మద్రాసులో ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో అనాటమీ పాఠాలు చెప్పారు. తర్వాత కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయంతో, మామగారి డబ్బుతో 1920ల మొదట్లో బోస్టన్ చేరారు. హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల డిప్లొమా చదువుతూ రాత్రిపూట ఆస్పత్రిలో బెడ్‌పాన్లు కడిగే పని చేశారు. ఇక్కడ డాక్టర్, అక్కడ వార్డ్‌బాయ్. ఇప్పుడు మన సీనియర్లు ఎంఎస్‌కి వెళ్లి పెట్రోల్ బంకులో రాత్రి డ్యూటీ చేస్తున్నాం అని ఇంట్లో చెప్పకుండా దాస్తారే, అలాంటిదే.

హార్వర్డ్ కథ త్వరగా దాటేస్తాను, మన బయో బ్యాచ్ వాళ్లకి అది నాకన్నా బాగా తెలుసు. సైరస్ ఫిస్క్‌తో కలిసి రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి 1925లో, కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ 1927లో, ఏటీపీ 1929లో. పీహెచ్‌డీ 1930లో. ఇంత చేసినా హార్వర్డ్‌లో శాశ్వత ఉద్యోగం రాలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలో పెర్ల్ రివర్ అనే ఊళ్లో ఉన్న లెడర్లీ అనే మందుల కంపెనీకి వెళ్లిపోయారు. కొన్నాళ్లకే అక్కడి పరిశోధనంతా ఆయన చేతికొచ్చింది. నాకైతే అసలు సుబ్బారావు గారు ఇక్కడ మొదలవుతారు. హార్వర్డ్‌లో ఆయన ఒక అణువు వెంట పడిన మనిషి. లెడర్లీలో ఒకేసారి నాలుగైదు జబ్బుల మీద టీములు నడిపిన మనిషి.

1945లో ఆ టీమే ఫోలిక్ యాసిడ్‌ని ల్యాబ్‌లో తయారుచేసింది. కొద్ది నెలలకే టామ్ స్పైస్ అనే అమెరికన్ డాక్టర్ దాన్ని క్యూబాలో స్ప్రూ రోగులకి ఇచ్చి చూశాడు. కోలుకున్నారు. అన్నదమ్ములు పోయిన పాతికేళ్లకి ఆ జబ్బుకి మందు దొరికింది, అదీ ఆయన ల్యాబ్‌లోనే. బోదకాలు మందు హెట్రజాన్ కూడా అక్కడే, 1947లో. స్కూల్లో ఏడాదికోసారి లైన్లో నిలబెట్టి మింగించిన డీఈసీ మాత్రలు గుర్తున్నాయా? అదే ఇది.

ఇక మట్టి కథకి వద్దాం.

పెన్సిలిన్ అప్పటికే వచ్చేసింది, స్ట్రెప్టోమైసిన్ కూడా. కానీ పెన్సిలిన్ కొన్ని రకాల బ్యాక్టీరియా మీదే పనిచేస్తుంది. స్ట్రెప్టోమైసిన్ ఇంకొన్నిటి మీద పనిచేస్తుంది, అదీ సూది మందు. రెండు వర్గాల్నీ కొట్టగలిగేది, నోటితో మింగగలిగేది కావాలి. బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు యూనివర్సిటీలో రిటైరయ్యి 70 దాటిన వయసులో ఉన్నాడు. 1944లో లెడర్లీ ఆయన్ని పనిలోకి తీసుకుంది. అమెరికా నలుమూలల నుంచీ మట్టి తెప్పించుకుని అందులోని సూక్ష్మజీవుల్ని ఒక్కొక్కటిగా పెంచి చూడటం ఆయన పని. మిస్సోరి యూనివర్సిటీలో శాన్‌బార్న్ ఫీల్డ్ అనే పాత ప్రయోగాల పొలం ఉంది. అక్కడ గడ్డి పెరిగే మడి నుంచి వచ్చిన మట్టిలో బంగారు రంగు జీవి ఒకటి కనిపించింది. దానికి ఏ-377 అని నంబరేశారు. అది వదిలే పదార్థం రకరకాల బ్యాక్టీరియాని పెరగనివ్వకుండా ఆపేసింది. రంగుని బట్టి దాని పేరు ఆరియోమైసిన్. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటి మందు ఇదే.

కనిపెట్టింది డగ్గరే. ఆ మాట స్పష్టంగా చెప్పాలి, ఎందుకంటే మన వాళ్ల ఫార్వర్డ్ మెసేజ్‌ల్లో సుబ్బారావు గారే ఒంటరిగా మట్టి తవ్వి తీసినట్టు ఉంటుంది. ఆయన చేసింది ఆ వేట నడిచే ఏర్పాటు చేయడం, మనుషుల్ని పెట్టడం, మైక్రోస్కోప్ కింద కనిపించినదాన్ని రోగి దాకా తీసుకెళ్లడం. ఒక ప్రాజెక్ట్ రిపోజిటరీ చూస్తే కోడ్ రాసినవాడి పేరు ప్రతి లైన్ పక్కనా ఉంటుంది, దాన్ని నిలబెట్టినవాడి పేరు ఎక్కడా ఉండదు. అలాంటి పని.

1948లో ఆరియోమైసిన్ బయటికొచ్చింది. అదే ఏడాది న్యూయార్క్ కంటి డాక్టర్లు దాన్ని రకరకాల కంటి ఇన్ఫెక్షన్ల మీద పరీక్షించి మెడికల్ పత్రికలో రాశారు. కంటి వాళ్లకి అంత తొందర ఎందుకో నాకు మొదట అర్థం కాలేదు. మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో జరిగినది తలుచుకుంటే అర్థమైంది.

వాళ్ల ఊరు గుడివాడ దగ్గర. అక్కడ మాకు వరసకి బాబాయ్ అయ్యే ఆయనకి షుగర్ ఉంది. ఒకసారి చలితో జ్వరం, నడుం నొప్పి, మూత్రంలో మంట. నాలుగు రోజులకి కుడి కన్ను ఎర్రబడింది. కళ్లకలక అన్నారు అందరూ. ఇంట్లో పిల్లలకి దూరంగా పడుకోబెట్టారు, చుక్కలు వేశారు. ఎరుపు తగ్గలేదు, నొప్పి పెరిగింది, మంచులోంచి చూస్తున్నట్టుంది అన్నాడు. పెద్దాస్పత్రికి తీసుకెళ్లేసరికి అక్కడి డాక్టర్ కంటికంటే ముందు రక్తం, మూత్రం పరీక్షకి పంపారు. ఇన్ఫెక్షన్ పుట్టింది కిడ్నీలో. అక్కడి నుంచి రక్తంలో పడి కంటి లోపలికి చేరింది. కన్ను మిగిలింది గానీ చూపు మిగల్లేదు. ఆయన కళ్లకలక చుక్కలు వేసుకున్న ఆ నాలుగైదు రోజులే మా పిన్నిని ఇప్పటికీ తినేస్తుంటాయి.

దీన్ని డాక్టర్లు ఎండోఫ్తాల్మైటిస్ అంటారు, కన్నుగుడ్డు లోపలి ఇన్ఫెక్షన్. ఎక్కువగా ఇది దెబ్బ తగిలినప్పుడో, కంటి ఆపరేషన్ తర్వాతో బయటి నుంచి వస్తుంది. బాబాయ్‌కి వచ్చినట్టు రక్తం ద్వారా లోపలి నుంచి వచ్చేవి నూటికి 2 నుంచి 8 దాకా ఉంటాయని లెక్క. లివర్‌లో చీము గడ్డ, గుండె కవాటాల ఇన్ఫెక్షన్, మూత్రనాళాల ఇన్ఫెక్షన్, కాలి పుండు, ఎక్కడి నుంచైనా బయలుదేరొచ్చు. షుగర్ ఉన్నవాళ్లకి ముప్పు ఎక్కువ. రెటీనా వెనక రక్తనాళాలతో నిండిన పొర ఒకటి ఉంటుంది, బ్యాక్టీరియా సాధారణంగా అక్కడ దిగుతుంది. మన భాషలో చెప్పాలంటే కన్ను గట్టి ఫైర్‌వాల్ వెనక ఉన్న మెషీన్. మామూలుగా రక్తంలోని చెత్తని ఆ గోడ లోపలికి రానివ్వదు. కానీ ఒక్క క్రిమి దూరిందంటే తర్వాత మనం వేసే మందుని కూడా అదే గోడ అడ్డుకుంటుంది. అందుకే ఒంటికి సెలైన్‌లో యాంటీబయాటిక్ ఎక్కిస్తూ, విడిగా కంటి లోపలికే సూదితో మందు వేస్తారు. గంటలు లెక్కలోకొచ్చే జబ్బు ఇది. కళ్లకలక అయితే పుసి కడుతుంది, గరగరలాడుతుంది, చూపు మాత్రం పెద్దగా పోదు. ఎర్రకన్నుతో పాటు చూపు మసకేసినా, లోతుగా నొప్పి పుట్టినా, అంతకుముందే జ్వరం ఉన్నా అది కళ్లకలక అనుకుని కూర్చోకూడదు.

నిజం చెప్పాలంటే బాబాయ్‌కి వచ్చినదానికి టెట్రాసైక్లిన్ మందు కాదు, వేరే బలమైనవి వాడతారు. దీని పాత్ర పక్క వీధిలో ఉంది. పుట్టేటప్పుడు తల్లి ఒంట్లోని ఇన్ఫెక్షన్ బిడ్డ కళ్లకి అంటుకుని చూపు పోకుండా చాలా దేశాల్లో పురిటిగదిలోనే ఆయింట్‌మెంట్ రాస్తారు, అందులో టెట్రాసైక్లిన్ ఒకటి. రెప్పల లోపల గరుకు పుట్టి, ఏళ్ల తరబడి వెంట్రుకలు లోపలికి తిరిగి నల్లగుడ్డుని గీకి గుడ్డివాళ్లని చేసే ట్రకోమాకి 1 శాతం టెట్రాసైక్లిన్ లేపనం, రోజుకి రెండుసార్లు, ఆరు వారాలు. మన దేశంలో ట్రకోమా మీద జాతీయ కార్యక్రమం 1963లో మొదలైంది. ఇది ప్రజారోగ్య సమస్యగా భారత్‌లో లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది 2024 అక్టోబర్‌లో.

మన డెల్టాకి దగ్గరైనది ఇంకోటుంది, ఎలుక జ్వరం, అదే లెప్టోస్పైరోసిస్. ఎలుకల మూత్రం కలిసిన నీళ్లలో ఆ బ్యాక్టీరియా బతుకుతుంది. నాట్లేసేటప్పుడు కాళ్ల పగుళ్లలోంచి, చిన్న గాయాల్లోంచి ఒంట్లోకి వెళుతుంది. జ్వరం, పిక్కల నొప్పి, కొందరికి కామెర్లు. మొదటి వారంలో కళ్లు ఎర్రబడతాయి, పుసి మాత్రం ఉండదు. అది తగ్గిపోతుంది, మనిషి పొలానికి వెళ్లిపోతాడు. కొన్ని వారాలకో, నెలలకో కంటి లోపల వాపు మొదలవుతుంది. దాన్ని యువియైటిస్ అంటారు. అప్పటికి ఆ జ్వరం సంగతి రోగికే గుర్తుండదు, కంటి డాక్టర్ అడిగినా చెప్పడు. 1993లో మధురై చుట్టుపక్కల వరదలొచ్చాయి. ఆ తర్వాత అక్కడి అరవింద్ కంటి ఆస్పత్రికి ఈ వాపుతో వచ్చేవాళ్లు ఒక్కసారిగా పెరిగారు. ఆరా తీస్తే వెనక ఎలుక జ్వరం బయటపడింది. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ ఇళ్లు రోజుల తరబడి మురికినీళ్లలో నానినప్పుడు నాకు మధురై గుర్తొచ్చింది. ఎలుక జ్వరం ముదరక ముందు ఇచ్చే మాత్ర డాక్సీసైక్లిన్. వరదల తర్వాత ముందుజాగ్రత్తగా కేరళలో పంచేది కూడా అదే. డాక్సీసైక్లిన్ ఆరియోమైసిన్‌కి మనవరాలి లాంటిది. ఆరియోమైసిన్ అణువులో ఒక క్లోరిన్ తీసేస్తే టెట్రాసైక్లిన్, అదే కుటుంబంలో ఇంకొన్ని మార్పులు చేస్తే 1967 నాటికి డాక్సీసైక్లిన్.

సుబ్బారావు గారు ఇదేమీ చూడలేదు. 1948 జూలైలో న్యూయార్క్ అకాడమీ ఆఫ్ సైన్సెస్‌లో ఆరియోమైసిన్ మీద డాక్టర్లంతా కలిసి తమ ఫలితాలు చెప్పుకున్నారు. మూడు వారాలు కూడా తిరగకుండా, ఆగస్టులో, నిద్రలోనే గుండె ఆగిపోయింది. 53 ఏళ్లు. స్ప్రూకి ఇప్పటికీ డాక్టర్లు రాసే వైద్యం ఏంటో తెలిసినప్పుడు నేను కాసేపు ఫోన్ పక్కన పెట్టేశా. ఫోలిక్ యాసిడ్, దానితో పాటు టెట్రాసైక్లిన్, మూడు నుంచి ఆరు నెలలు. అంటే అన్నదమ్ముల్ని తీసుకెళ్లిన జబ్బు వైద్యంలో రెండు సగాలూ ఆయన ల్యాబ్‌లోంచే వచ్చాయి. మొదటి సగం పనిచేయడం ఆయన చూశారు. రెండో సగం దానికి తోడవక ముందే పోయారు.

ఇంటికి మాత్రం తిరిగి రాలేదు. శేషగిరి గారిని వదిలి వెళ్లినప్పుడు కొన్నేళ్ల మాటే అనుకున్నారు ఇద్దరూ. ఆయన వెళ్లాక పుట్టిన కొడుకు పసితనంలోనే చనిపోయాడు, తండ్రి వాణ్ని చూడనే లేదు. ఆమెకీ ఆయనకీ మళ్లీ కలుసుకోవడం జరగలేదు. ఆయన మీద రాసినవాళ్లు దీన్ని త్యాగం అని ఒక్క వాక్యంలో తేల్చేస్తారు. ఎవరి త్యాగం? ఆయనకి ల్యాబ్ ఉంది, పని ఉంది, రాత్రింబవళ్లు వెతకడానికి ఒక కారణం ఉంది. ఆమెకి పాతికేళ్ల ఎదురుచూపు తప్ప ఏముంది? ఆయన్ని తక్కువ చేయాలని కాదు నేను అంటున్నది. పేరు లేకుండా పోయినవాళ్ల లిస్టు రాస్తే మొదటి పేరు ఆయనది కాదు, ఆమెది అనిపిస్తుంది నాకు.

ఆయన పోయాక కొన్నేళ్లకి, 1953లో, తోటి శాస్త్రజ్ఞులు ఒక బూజు ప్రజాతికి సుబ్బారోమైసిస్ అని పేరు పెట్టారు. 1995లో, శతజయంతికి, మన తపాలా శాఖ స్టాంపు వేసింది. విజయవాడ నుంచి గుడివాడ, కైకలూరు, ఆకివీడు మీదుగా రైలెక్కితే ఆయన పుట్టిన ఊరు వస్తుంది. ఆ దారిలో ఏ స్టేషన్లో దిగి మందుల షాపుకి వెళ్లి అడిగినా డాక్సీసైక్లిన్ ఉంటుంది, డాక్టర్ చీటీ చూపిస్తే ఇస్తారు.